పంటి బిగువున: దవడ కీలు కథ

మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకుని చూడండి. (ఆఫీసులో చదువుతుంటే చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు చూడండి :)) పట్టాయా? అయితే మీ దవడ బాగానే తెరుచుకుంటున్నట్టు. 2020 జూలైలో ఒక మధ్యాహ్నం నాకు ఒక వేలు పట్టడమే గగనమైంది.

అప్పుడు నేను మా ఊళ్ళో ఉన్నాను. మైపాడు దగ్గర పల్లె మాది, మేడ మీద గదిలోంచి చూస్తే సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. లాక్‌డౌన్ పుణ్యమా అని హైదరాబాదు నుంచి లాప్‌టాప్ సర్దుకుని వచ్చి అక్కడే మకాం పెట్టా. పగలు నిద్ర, రాత్రి కాల్స్. ఎడమ చెవి దగ్గర ఆవులించినప్పుడల్లా 'టిక్కు'మని శబ్దం వస్తుండేది కొన్ని నెలలుగా. పట్టించుకోలేదు. ఆ రోజు అన్నంలో చేపల పులుసు కలుపుకుని ముద్ద నోటిదగ్గరికి తెచ్చుకుంటే నోరు సగంలో ఆగిపోయింది. తలుపు వెనక ఎవరో కాలు అడ్డంపెట్టినట్టు. నెల్లూరువాడికి చేపల పులుసు ముందు నోరు తెరుచుకోకపోవడం కన్నా అవమానం ఇంకోటుండదు.

అమ్మ చూసి వెంటనే తేల్చేసింది. "నీళ్ళేరా, అంతా నీళ్ళే. మా నాయనకి మెడ పట్టేసింది కూడా ఇట్టాగే." అమ్మ పుట్టిల్లు పొదిలి వైపు. తాతయ్యని నేను చూసేటప్పటికే ఆయన పక్కకి తిరగాలంటే మనిషి మొత్తం తిరిగేవాడు. పళ్ళు గోధుమరంగు.

టౌన్లో చూపించిన పళ్ళ డాక్టరు వేరే మాట చెప్పారు. నా 'బైట్' సరిగా లేదట, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు తప్పట. పద్నాలుగు పళ్ళు అరగదీసి తొడుగులు వెయ్యాలన్నారు. ఖర్చు రెండు లక్షల పైచిలుకు. "ఇప్పుడు చెయ్యకపోతే కీలు మొత్తం పోతుంది, ఆపరేషనే దిక్కు" అన్నారు. సోమవారం అడ్వాన్సు కడతానని చెప్పి వచ్చేశా.

శనివారం రాత్రి నిద్రపట్టలేదు. మన జాతి గుణం తెలుసుగా, ఎర్రర్ వస్తే లాగ్ చదవకుండా సర్వర్ ముట్టుకోం. చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు ఇన్నేళ్ళయినా ఆగలేదు, అందులోంచి కొంత ఇక్కడ పెడుతున్నా. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను.

ముందు అమ్మ మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అది కొట్టిపారేసే మాట కాదు. 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం వచ్చింది. రాసింది షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్. షార్ట్ గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు (1948లో మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాక్కుంటుందని కనిపెట్టినవాళ్ళలో ఈయనొకరు). బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు, మద్రాసులోని రేడియాలజీ సంస్థకి ఆయన పేరే. వాళ్ళు చూసిన రోగులు నెల్లూరు జిల్లావాళ్ళు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పట్లో మనవే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. మెడ, వెన్ను కర్రలా బిగుసుకుపోయిన మనుషులు. ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే తెల్లగా, దట్టంగా, మీద ముళ్ళలాంటి పెరుగుదలలతో కనిపించాయి. పళ్ళ మీద మచ్చలు.

ఆ డాక్టర్ల చేతిలో రెండు ఆధారాలున్నాయి. 1931లో అమెరికాలో పళ్ళ మచ్చలకి కారణం తాగునీటిలో ఫ్లోరైడని తేలింది. 1932లో డెన్మార్క్‌లో క్రయొలైటు అనే ఫ్లోరిన్ ఖనిజపు ధూళి పీల్చిన కార్మికుల ఎముకలు ఇలాగే గట్టిపడ్డాయని బయటపడింది. ఈ రెండూ కలిపి వీళ్ళు బావినీళ్ళు పరీక్ష చేశారు. దొరికింది. మనుషుల ఎముకల ఫ్లోరోసిస్ మీద మనదేశంలో వచ్చిన తొలి నివేదికగా దాన్నే చెబుతారు. నల్గొండ పేరు దేశానికంతా తెలియడం ఆ తర్వాతి సంగతి. బిగుసుకుపోయింది వెన్నయితే, కారణం బావిలో ఉంది. వాళ్ళు నొప్పి ఉన్నచోటే వెతుక్కుంటూ కూర్చుని ఉంటే దొరికేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అయితే నాది అది కాదు. నేను పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. పళ్ళ మీద మచ్చల్లేవు, మెడ బాగానే తిరుగుతోంది. ఎముకల ఫ్లోరోసిస్ ముఖ్యంగా పట్టేది మెడ, వెన్ను, తుంటి. ఏళ్ళ తరబడి మెల్లగా పడుతుంది. ఉన్నట్టుండి ఒక్క ఎడమ దవడని పట్టుకోదు.

మరి దవడలో ఏమవుతుంది? చిటికెన వేలు చెవిలో పెట్టి నోరు తెరిచి మూయండి. వేలికి తగిలే కదలికే ఆ కీలు. మోకాలిలాగా మడత బందు మాత్రమే కాదిది. మొదట బందులా తిరుగుతుంది, తర్వాత సొరుగు లాగినట్టు ముందుకి జారుతుంది. రెండు ఎముకల మధ్య పల్చటి మెత్త ఒకటి ఉంటుంది. అది కాస్త ముందుకి తప్పుకుంటే, నోరు తెరిచినప్పుడు ఎముక దాని మీదకి ఎగిరి ఎక్కుతుంది. 'టిక్కు' అదే. ఎక్కలేకపోతే నోరు సగంలో ఆగిపోతుంది. నొప్పిలేని టిక్కు చాలామందిలో ఉంటుంది, దానికి వైద్యం అక్కర్లేదు. ఇక నొప్పి చాలాసార్లు కీలుది కూడా కాదు, దాన్ని నడిపే కండరాలది.

ఈ కీలు గురించి మనిషికి తెలియడం కొత్తేమీ కాదు. సుమారు క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు తాళపత్రం ఒకటుంది (తాళపత్రం అనకూడదేమో, పాపిరస్), ఎడ్విన్ స్మిత్ అనే ఆయన కొన్నాడు కాబట్టి ఆయన పేరుతో పిలుస్తారు. జారిపోయిన దవడని ఎలా ఎక్కించాలో అందులో ఉంది. బొటనవేళ్ళు నోట్లో, మిగతావేళ్ళు గడ్డం కింద పెట్టి వెనక్కి నెట్టాలి. ఇవాళ క్యాజువాలిటీలో చేసేది కూడా దాదాపు ఇదే. మన సుశ్రుతుడు తప్పిన దవడకి కాపడం పెట్టి, ఎముక సర్ది, ఐదు కొసల కట్టు కట్టమన్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఇంకాస్త ముందుకెళ్ళి కారణాలు చెప్పాడు. నాలుక మరీ గీకడం, ఎండుపదార్థాలు నమలడం, దెబ్బ తగలడం. వీటివల్ల వాతం దవడ మొదట్లో చేరి నోరు తెరుచుకునైనా ఉండిపోతుంది, మూసుకునైనా ఉండిపోతుంది, నమలడం మాట్లాడటం కష్టమవుతాయి అన్నాడు. నా లక్షణాలు ఇంత క్లుప్తంగా ఏ రిపోర్టులోనూ రాయలేదు.

అన్నట్టు, సంస్కృతంలో దవడని 'హను' అంటారు. ఇంద్రుడి వజ్రం తగిలి ఎడమ దవడ విరిగినందుకే ఆంజనేయుడు హనుమంతుడయ్యాడని రామాయణం చెబుతుంది. నాదీ ఎడమ దవడే! ఆయన వాయుపుత్రుడు, ఆయుర్వేదంలో దవడ పట్టేయడం వాతరోగం. ఎవరు ఎవర్ని చూసి రాశారో గానీ జోడీ బాగా కుదిరింది :)

పాత వైద్యాల్లో ఒక సుగుణం గమనించారా? కాపడం, సర్దడం, కట్టు. కుదరకపోతే విప్పేయొచ్చు. వెనక్కి తీసుకోలేనిదేదీ వాటిలో లేదు. ఆ సుగుణం పోవడం ఇరవయ్యో శతాబ్దంలో చూస్తాం.

1934లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు 11 మంది రోగుల గురించి రాశాడు. వెనక పళ్ళు ఊడిపోతే దవడ మరీ పైకి మూసుకుని, కీలు వెనక్కి నొక్కి, చెవినొప్పి, చెవిలో హోరు, తలతిరుగుడు వస్తాయన్నాడు. పదకొండు మంది. మన టెస్ట్ కేసులే అంతకన్నా ఎక్కువుంటాయి. కానీ ఆ జబ్బుకి 'కాస్టెన్ సిండ్రోమ్' అని పేరు పడిపోయింది. చెవి డాక్టర్ల చేతుల్లోంచి విషయం పళ్ళ డాక్టర్ల చేతుల్లోకి వచ్చింది. 1948లో హ్యారీ సిషర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, కాస్టెన్ చెప్పినచోట అలా నొక్కుకోవడానికి వీల్లేదని చూపించాడు. అయినా లాభంలేదు. కోడ్‌లోంచి తీసేసినా డాక్యుమెంటేషన్‌లో మిగిలిపోయిన ఫీచర్ లాగా, 'బైట్ సరిగా లేదు' అన్న సిద్ధాంతం నిలబడిపోయింది. పళ్ళు అరగదీయడం, తొడుగులు వేయడం, మొత్తం కట్టు మార్చడం పెద్ద వృత్తి అయిపోయింది. 2020లో నెల్లూరులో నాకు చెప్పింది 1934 నాటి సంగతే అన్నమాట.

1969లో షికాగోలో డేనియల్ లాస్కిన్ వేరే దారి చూపించాడు. అసలు దోషి చాలామందిలో పళ్ళు కాదు, ఆందోళనలో పళ్ళు బిగబట్టి కండరాల్ని అలసగొట్టే అలవాటు అన్నాడు. మరి పళ్ళు అరగదీస్తే కొందరికి తగ్గుతోంది కదా? దానికి ఆయన, చార్లెస్ గ్రీన్, ఇంకొకరు కలిసి 1976లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది. 25 మంది రోగులకి పళ్ళు అరగదీస్తున్నట్టు నటించారు. మిషను తిరిగింది, శబ్దం వచ్చింది, పళ్ళ కలయికలో మార్పు మాత్రం చెయ్యలేదు. 16 మంది నొప్పి పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా పోయిందన్నారు!

ఇక్కడ ఒకటి చెప్పాలి. వాళ్ళ నొప్పి అబద్ధం అని దీని అర్థం కాదు. నొప్పి నిజమే. చాలా దవడ నొప్పులు వాటంతటవే తగ్గుముఖం పడతాయి, ధైర్యం చెప్పే మనిషి దొరికితే ఇంకా త్వరగా తగ్గుతాయి. ఆ సమయంలో జరుగుతున్న వైద్యానికి పేరొస్తుంది, అంతే. ఈ బాధతో ఆసుపత్రికొచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళకి చాలాకాలం రెండే సమాధానాలు దొరికాయి. పళ్ళు అరగదీద్దాం, లేదా 'అంతా నీ మనసులోనే ఉందమ్మా'. రెండూ అన్యాయమే.

అన్నిటికన్నా పెద్ద దారుణం ఆ తర్వాత జరిగింది. కీలులో మెత్త జారడం స్కానింగుల్లో కనిపించడం మొదలయ్యాక, జారినదాన్ని తీసేసి కృత్రిమమైనది పెడదాం అనుకున్నారు సర్జన్లు. హ్యూస్టన్‌లోని వైటెక్ అనే కంపెనీ టెఫ్లాన్‌తో చేసిన మెత్తల్ని 1983లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. అది కూడా, ఇదివరకే మార్కెట్లో ఉన్నదానిలాంటిదే అని చూపిస్తే చాలనే దగ్గరిదారిలో. వేలమందికి పెట్టారు. దవడ నమిలే జోరుకి టెఫ్లాన్ ముక్కలైంది. ఆ ముక్కల్ని శరీరం శత్రువులనుకుని దాడిచేస్తే చుట్టూ ఎముక కరిగిపోయింది. కొందరిలో కపాలం అడుగు దాకా తూట్లు పడ్డాయి. 1990లో హెచ్చరిక, 1991లో వాపసు ఆదేశం. అప్పటికే కంపెనీ దివాళా తీసింది. చిన్న టిక్కుతోనో నొప్పితోనో వెళ్ళినవాళ్ళు ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకుంటూ బతకాల్సి వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే, రూట్ కాజ్ తెలియకుండా, టెస్టింగ్ లేకుండా, రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా నేరుగా ప్రొడక్షన్లోకి తోసేశారు. మనం చేస్తే శుక్రవారం రాత్రి పోతుంది. వాళ్ళు చేస్తే మనిషి దవడ పోయింది.

ఆ దెబ్బతో కొంత బుద్ధొచ్చింది. 1992లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, డ్వార్కిన్, లెరెష్, ఈ జబ్బుని గుర్తించడానికి ఒక పద్ధతి రాశారు. ఒక వరసలో కీలు, కండరాలు ఎలా ఉన్నాయి, రెండో వరసలో ఆ మనిషి ఎలా ఉన్నాడు: నిద్ర, దిగులు, నొప్పి వల్ల ఆగిపోయిన పనులు. 2014లో దాన్ని మెరుగుపరిచారు, ఇప్పుడు వాడేది అదే. అమెరికాలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన ఒప్పెరా అనే అధ్యయనంలో, దవడ నొప్పి మొదలవకముందే నిద్ర చెడిపోవడం కనిపించింది. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మూడు నెలలు దాటిన దవడ నొప్పికి మార్గదర్శకాలు వచ్చాయి. గట్టిగా సిఫార్సు చేసినవి: ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో దవడ, మెడ వ్యాయామాలు, చేత్తో కండరాల పట్టు వదిలించడం, ఆలోచనా అలవాట్లు మార్చే కౌన్సెలింగు, ఇంట్లో చేసుకునే మామూలు జాగ్రత్తలు. గట్టిగా వద్దన్నవాటిలో పళ్ళ కలయికని శాశ్వతంగా మార్చేసే పరికరాలు, కీలులోని మెత్త తీసేసే ఆపరేషను ఉన్నాయి. రాత్రి పెట్టుకునే మామూలు ప్లేటు కూడా నొప్పికి పెద్దగా పనిచెయ్యదన్నారు (పళ్ళు నూరేవాళ్ళకి పళ్ళు అరగకుండా కాపాడచ్చు, అది వేరే సంగతి).

అంటే మూడున్నర వేల ఏళ్ళ పైబడిన చరిత్ర ఒక చుట్టు తిరిగి కాపడం, సర్దుబాటు దగ్గరికే వచ్చింది. ఈ కథ మొత్తంలో నాకు మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న. ఎవరైనా మీ దవడకి వైద్యం చెప్తే అడగండి: 'ఇది పనిచెయ్యకపోతే వెనక్కి తీసుకోవచ్చా?' అరగదీసిన పంటి పింగాణీ మళ్ళీ పెరగదు.

సోమవారం నేను అడ్వాన్సు కట్టలేదు. ఫోన్లో ఒక ఫిజియోథెరపిస్టుని పట్టుకున్నాను. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న: "ఇప్పుడు మీ పళ్ళు తగులుతున్నాయా?" తగులుతున్నాయి. మామూలుగా పెదాలు మూసుకున్నా పళ్ళ మధ్య ఎడం ఉండాలట. తిండి, మింగుడు అన్నీ కలిపినా రోజులో పళ్ళు తగిలేది ఇరవై నిమిషాలకి మించదని ఒక పాత అంచనా. నేను ఎనిమిది గంటల షిఫ్టూ బిగబట్టే ఉంటున్నా! 'న' అనేటప్పుడు నాలుక కొస ఎక్కడ ఆనుతుందో అక్కడ పెట్టి, పళ్ళు వదిలేయమంది. మానిటర్ అంచున 'న' అని స్టిక్కర్ అంటించా. రోజుకి రెండుమూడుసార్లు పది నిమిషాలు వేడి కాపడం. కొన్నాళ్ళు మెత్తటి అన్నం, చెక్కలూ చెరుకుగడలూ బంద్. ఆవులింతకి గడ్డం కింద పిడికిలి. ఆవిడ చూస్తుండగా మెల్లగా నోరు తెరిచే వ్యాయామం. మూడు వారాలకి రెండు వేళ్ళు, సంక్రాంతికి మూడు. టిక్కు ఇప్పటికీ ఉంది, ఉండనీ.

అన్నీ ఇలాంటివే అనుకోకండి. చిన్నప్పుడు గడ్డం మీద పడి కీలు ఎముక అతుక్కుపోయిన పిల్లలకి ఆపరేషన్ తప్పదు, ఆలస్యం చేస్తే దవడ ఎదగదు. గాయం తర్వాత దవడ బిగిస్తే ధనుర్వాతం కావచ్చు, పరిగెత్తాలి. గుట్కా, వక్క నమిలేవాళ్ళకి నోరు మెల్లమెల్లగా తెరుచుకోకపోతే అది వేరే జబ్బు, క్యాన్సర్‌కి దారితీయచ్చు. నడిచినప్పుడు దవడ లాగి, ఆగితే తగ్గితే గుండె చూపించుకోండి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంతకీ నేనెందుకు బిగబట్టాను? ఆ ఏప్రిల్లో మా టీములో సగం మందిని తీసేశారు. మిగిలినవాళ్ళకి జీతం కోత. తర్వాతి లిస్టు ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లో చెప్పలేదు. ఇంటి లోను సంగతీ చెప్పలేదు. మేడ మీద గదిలో కూర్చుని, తెలుగులో చక్కటి మాటుంది కదా, పంటి బిగువున భరించాను. ఆ మాట నేను ఎన్నిసార్లు వాడుంటానో, అక్షరాలా నిజమని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నెల్లూరు రోగుల వెన్నుకి కారణం బావిలో దొరికినట్టు, నా దవడకి కారణం దవడలో లేదు.

ఒకరోజు కాపడం పెడుతుంటే అమ్మకి అంతా చెప్పేశాను. ఆమె గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి పిండుతూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "అప్పుడే నోరు తెరిచి చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా అబ్బయ్యా."

అని ఊరుకోలేదు. మర్నాడే ఒక మినరల్ వాటర్ క్యాను తెప్పించింది. ఆమెకి ఇప్పటికీ నీళ్ళ మీదే అనుమానం.